కదలని గోడ

ఆస్పత్రి, ఎకో గది
మధ్యాహ్నం భోజనం వేళ

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే "ఆఁ", "ఊఁ" అంటావు. గట్టిగా అడిగితే "బాగానే ఉన్నాను" అని ఫోను మీ ఆవిడ చేతిలో పెట్టేస్తావు. నువ్వు పక్కనే ఉంటావు కాబట్టి ఆ పిల్ల నీకు వినిపించదగ్గ మాటలే చెబుతుంది. ఇట్లా కాదని ఉత్తరం మొదలుపెట్టాను. కాగితం మీద "ఊఁ" అని రాసి స్టాంపు అంటించడానికి నీకే సిగ్గేస్తుందని నా ధీమా.

ఇంటికి పంపే ముందు డాక్టరుగారు చెప్పింది నీ చెవికెక్కలేదని నాకు తెలుసు. ఆయన చెబుతున్నంతసేపూ నువ్వు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని కిటికీ వైపు చూస్తున్నావు. కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, విను. గుండెకు రక్తం తెచ్చే గొట్టాల్లో ముందువైపుది మూసుకుపోయింది. దాన్ని తెరిచి స్టెంటు పెట్టారు. రక్తం పారింది. కానీ రక్తం రాగానే గుండె లేచి కూర్చోదురా. చాలాసేపు ఆకలితో పడి ఉన్న కండ అది. ప్రాణం ఉంటుంది, కదలిక ఉండదు. గుండె బొమ్మలు తీసే ఈ ఎకో గదిలో, నా తెర మీద రోజూ చూస్తుంటాను. మిగతా గోడలన్నీ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే, ఒక్క గోడ మాత్రం తనకేమీ పట్టనట్టు నిలబడి ఉంటుంది. చచ్చిపోయిందనుకుంటాం. కొన్ని వారాలకు చూస్తే కదులుతూ ఉంటుంది.

నీ విషయంలో ఇంకో పేచీ ఉంది. ఆ గొట్టం రెండుగా చీలే చోట మరో ఇరుకు ఉంది. ఆ రోజు నువ్వు మరీ నీరసించిపోయావని దాన్ని ముట్టుకోలేదు. నెలయ్యాక ఎకో తీసి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, అప్పుడు నిర్ణయిద్దామన్నారు. ఆ పరీక్షలు ఎగ్గొట్టావో, నేనే వచ్చి చెవి పట్టుకుని తీసుకెళతాను.

నీకు ఏమనిపిస్తోందో రాయి. నలుగురికి చెప్పే మాట కాదు, నాకు చెప్పే మాట.

మీ అక్క


మా ఇల్లు, వంటగదిలో బల్ల దగ్గర

అక్కా,

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఏమనిపిస్తోందని అడిగావు. ఏమీ అనిపించడం లేదు.

అబద్ధం కాదు. నొప్పి లేదు, ఆయాసం లేదు, దిగులు కూడా లేదు. ఆకలేసి తినడం లేదు, కంచంలో పెట్టారు కాబట్టి తింటున్నాను. టీవీలో ఏదో వస్తుంది, నీ మరదలు నవ్వుతుంది. ఇక్కడ నవ్వాలి కాబోలు అనుకుంటాను. మొన్న ఆ అమ్మాయి స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏడ్చింది. నీళ్ళ చప్పుడులోంచి వినబడుతూనే ఉంది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలని తెలుసు. తెలిసి కూర్చున్నాను.

ఆ రోజు సంగతి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నేను క్రేను కేబిన్‌లో ఉన్నాను. కింద ఎవరెవరో తెలియనంత ఎత్తు. హుక్కుకు ఇనుప చట్రం వేలాడుతోంది. ఎడమ చెయ్యి బరువెక్కింది, చెమటలు పోశాయి. ముందు చట్రాన్ని దాని చోట దించాను. తర్వాత వాకీటాకీలో "ఒక్క నిమిషం ఆగండి, అంతా బాగానే ఉంది" అన్నాను. కింద నుంచి నాకు సైగలు చేసే పెద్దాయన ఉన్నాడు చూశావా, అందరూ జెండా అంటారు, ఆయనకు అనుమానం వచ్చింది. నేను ఎప్పుడూ ఎవరినీ ఆగమననట. ఆయనే మనుషుల్ని పైకి పంపాడు. నన్ను తాళ్ళతో కట్టి దించేసరికి చాలాసేపు పట్టింది. ఆ ఆలస్యమే కండను దెబ్బతీసిందని డాక్టరుగారు అన్నారు. అది మాత్రం విన్నాను.

వాకీటాకీలో అలా ఎందుకన్నానంటే, పైన ఉన్నవాడి గొంతు వణికితే కింద ఇరవైమంది చేతులు వణుకుతాయి. మాకు మొదట నేర్పేది అదే. 

నాకు క్రేను ఎప్పుడు ఇస్తారో అదొక్కటే కనుక్కుని చెప్పు. కింద కూర్చుంటే నాకేం తోచదు.

తమ్ముడు


ఆస్పత్రి, ఎకో గది

తమ్ముడూ,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తట్టేదాకా.

ఏమీ అనిపించకపోవడం నీ ఒక్కడి వింత కాదు. గుండెపోటు వచ్చి లేచినవాళ్ళలో చాలామంది ఇలాగే అంటారు. అది కొన్నాళ్ళకు పోతుంది. ముందు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యి. నీకు అనిపించకపోయినా సరే. ఆమెకు అనిపిస్తుంది కదా.

క్రేను గురించి అడిగావు. అంతా ఆ ఇరుకు మీద ఉంది. గొట్టం పూర్తిగా తెరుచుకుంటే కండకు కడుపునిండా అందుతుంది, త్వరగా తేరుకుంటుంది. నీకు సగమే తెరుచుకుంది. కూర్చున్నప్పుడు సరిపోతుంది. నిచ్చెన ఎక్కావనుకో, కండ ఇంకా కావాలంటుంది, ఆ సన్నటి చోట నుంచి రాదు. అప్పుడు మళ్ళీ స్పృహ తప్పినట్టు పడిపోతుంది. అది తేరుకునేలోపు నువ్వు మళ్ళీ ఎక్కుతావు. ఇలా పదే పదే అయితే మేలుకోవలసిన కండ మేలుకోదు. కొంత మొద్దుబారి అలాగే ఉండిపోతుంది, ఇంకొంత మెల్లగా చచ్చిపోతుంది. అందులో పాడు ఏమిటంటే, నీకు నొప్పి రావాలని లేదు. 

మొన్న నీ గొంతు వింటే నాకు మనసు ఆగలేదు. వచ్చే సెలవు రోజున ఇద్దరూ ఇక్కడికి రండి. సాయంత్రం గది ఖాళీ అయ్యాక నేనే ఒకసారి చూస్తాను. లెక్కలో రాసేది కాదు, ఊరికే నా తృప్తికి. మీ బావ నిన్ను చదరంగంలో ఓడిస్తానని ఇప్పటినుంచే కాళ్ళు నేల మీద పెట్టడం లేదు.

మీ అక్క


మా ఇల్లు, వంటగదిలో బల్ల దగ్గర

అక్కా,

ఆ రోజు క్షేమంగా చేరాం. బావను ఓడించినందుకు నా మీద కోపం లేదని చెప్పమను.

నీ బల్ల మీద ఎడమవైపు తిరిగి పడుకుని, నువ్వు ప్రోబ్ నా ఛాతీకి ఆనించి చూస్తున్నప్పుడు నాకు తెర కనిపించలేదు. నీ మొహమే కనిపించింది. పాల దుకాణం ముందు తన వంతు కోసం నిలబడ్డ మనిషి మొహంలా ఉంది. అలాంటి మొహంతో "కదులుతోందిరా" అన్నావు. ఏదైనా తేడా ఉంటే మా అక్క మొహంలో తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. దారిలో నీ మరదలు కూడా అదే అంది. ఇంటికొచ్చాక ఆమె చాలా రోజుల తర్వాత ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

మంచి వార్త. పోయిన సోమవారం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. హాలు నిండా జనం. ఆయన ఎలా ఉందని అడిగారు. మా అక్క ఇదే పని చేస్తుంది, తనే చూసింది, గోడ కదులుతోందంది అని చెప్పాను. క్రేను ఎక్కగలవా అన్నారు. రెండుసార్లు ఎక్కి చూశాను, ఆయాసం రాలేదన్నాను. అయితే ఇప్పుడే తొందరలేదు, పరీక్షలు వర్షాలు తగ్గాక పెట్టుకుందాం, మెల్లగా పనిలోకి వెళ్ళు అన్నారు. కాగితం రాసిచ్చారు. ఈ సోమవారం నుంచి పైన ఉన్నాను.

కేబిన్‌లో కూర్చోగానే ఆనందం పొంగుకొస్తుందనుకున్నాను. రాలేదు. కానీ చేతులకు పని దొరికింది. అదే చాలు.

తమ్ముడు


ఆస్పత్రి, మెట్ల దగ్గర బెంచీ

తమ్ముడూ,

నేను అన్న మాట డాక్టరుకు ఎందుకు చెప్పావు? నేనేమైనా డాక్టరునా? నా పని బొమ్మ తీయడం, చదివేది వేరేవాళ్ళు. సాయంత్రం పూట, ఒంటిచేత్తో, అయిదు నిమిషాల్లో చూసింది చూపు కాదు. వెంటనే వెళ్ళి, ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దని చెప్పు. పరీక్షలు ఇప్పుడే చెయ్యమను. వర్షాలు తగ్గాక కాదు, ఈ వారమే. 

క్రేను ఎక్కకు. ఎందుకని అడగకు. ఎక్కకు.

అక్క


క్రేను కేబిన్, గాలి ఎక్కువగా ఉండి పని ఆపిన వేళ

అక్కా,

నీ ఉత్తరం చూస్తే చిన్నప్పుడు నన్ను సైకిలెక్కనివ్వకుండా సీటు మీద తనే కూర్చున్న అక్క గుర్తొచ్చింది. ఏమైంది నీకు? కదులుతోందని నువ్వే కదా అన్నావు. ఇప్పుడు వెళ్ళి మా అక్క చూపు చూపు కాదట అంటే డాక్టరుగారు నవ్వుతారు. చేతిలో కాగితం పెట్టుకుని నేనే ఇల్లు పట్టి కూర్చోలేను.

నీ భయం పోవడానికి ఒక రహస్యం చెబుతాను. ఎవరి దగ్గరా అనకు. నేను నిచ్చెన ఎక్కడం లేదు.

భవనానికి కూలీలను తీసుకెళ్ళే లిఫ్టు ఉంది. అందులో పై అంతస్తు దాకా వెళతాను. అక్కడ భవనానికీ క్రేను స్తంభానికీ మధ్య జానెడు తక్కువ రెండు బారల సందు ఉంటుంది. జెండా, ఇంకో ఇద్దరు కలిసి పొద్దున్నే ఆ సందుకు అడ్డంగా చెక్కలు వేస్తారు. వాటి మీద నడిచి స్తంభంలోకి దూరతాను. అక్కడి నుంచి కేబిన్ నాలుగు మెట్లు. ఇంజనీరు రాకముందే చెక్కలు తీసేస్తారు. సాయంత్రం మళ్ళీ వేస్తారు. నేను అడగలేదు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళకముందు, ఎక్కగలనేమో చూద్దామని సైటుకు వెళ్ళిన మొదటి రోజు నిచ్చెన కింద నిలబడి పైకి చూస్తుంటే జెండా వచ్చి, "అల్లుడూ, నీకు వేరే దారి వేశాం, రా" అన్నాడు. ఆయన నన్ను అల్లుడనే పిలుస్తాడు, కూతురు లేకపోయినా.

డాక్టరుగారు ఎక్కావా అని అడిగినప్పుడు ఎక్కానని చెప్పింది ఇందుకే. చెక్కల సంగతి బయటపడితే ఆ ముగ్గురినీ ఆ పూటే పంపించేస్తారు. అలా వేయడం నిబంధనలకు విరుద్ధం. నా కోసం వాళ్ళు చేసింది నా నోటితో ఎలా చెప్పను?

కాబట్టి నా గుండె హాయిగా కూర్చుని ఉంది, దానికి కష్టమే తెలియదు. వచ్చే వారం క్రేను ఎత్తు పెంచుతున్నారు. స్తంభానికి కొత్త ముక్కలు బిగిస్తారు. అప్పుడు మా కేబిన్ భవనానికి చాలా పైకి పోతుంది, ఇంజనీరు కూడా పొద్దున్నుంచీ అక్కడే ఉంటాడు, ఇక చెక్కలు కుదరవు. అంతస్తులు లేచేదాకా నిచ్చెనే. ఈలోగా నాకూ బలం వస్తుంది. గోడ కదులుతోంది కదా.

తమ్ముడు


మా ఇల్లు, ముందుగది

తమ్ముడూ,

నీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. నీది ఆపేసి ఉంది. మీ ఇంటికి చేస్తే నా మరదలు ఎత్తింది. "ఏంటి వదినా, గొంతు అలా ఉంది?" అంది. ఏం లేదు, జలుబన్నాను. వంట అయిందా అని అడిగి పెట్టేశాను. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మళ్ళీ చెయ్యబోయాను, నోరు రాలేదు. ముప్పై ఏళ్ళుగా నా నోటికి అలవాటైన మాట ఒకటే, "డాక్టరుగారు చెబుతారు". బల్ల మీద మనిషి ప్రాణాలన్నీ కళ్ళలో పెట్టుకుని నా వైపు చూస్తూ ఉంటే మొహంలో ఒక్క గీత కదలకుండా ఉండటమే నాకు నేర్పిన విద్య. 

నీ గోడ కదలడం లేదురా.

ఆ సాయంత్రం తెర మీద చూశాను. ముందు గోడంతా, కింద కొసదాకా, నిలిచిపోయి ఉంది. పక్క గోడ కూడా బద్ధకంగానే ఉంది. అన్ని వారాలకు ఎంతో కొంత మేలుకోవాలి. మేలుకోలేదంటే ఆ ఇరుకు దాన్ని మేలుకోనివ్వడం లేదని అర్థం. కొస పలచబడుతున్నట్టు కూడా అనిపించింది. ఇదంతా నాకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. నీ మొహం చూశాను. కొన్ని వారాలుగా దేనికీ చలించని మొహం, ఆ ఒక్క క్షణం ఆశగా ఉంది. తలుపు దగ్గర నా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "కదులుతోంది" అన్నాను. నాలుగు రోజుల్లో ఎలాగూ పరీక్షలున్నాయి, డాక్టరే చెబుతాడు, ఈ నాలుగు రోజులూ నిద్రపోనీ అనుకున్నాను. నా మాట పట్టుకుని నువ్వు పరీక్షలే వాయిదా వేయించుకుంటావని నాకు తోచలేదు. 

తెలిశాక అయినా చెప్పాలి. చెప్పకుండా కేకలేస్తూ ఉత్తరం రాశాను.

నిచ్చెన మీద కాలు పెట్టకు. ఈ ఉత్తరం పెద్ద పోస్టాఫీసులో ఇచ్చి వస్తాను, త్వరగా అందుతుందన్నారు. 

అక్క


మా ఊరి ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

అక్కా,

నీ ఉత్తరం నాకు ఇక్కడ అందింది. నీ మరదలు మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది. "గోడ కదలడం లేదురా" అన్న చోట ఆగి నా వైపు చూసింది. మిగతాది చదవమన్నాను.

క్రేను ఎత్తు పెంచాక మొదటి రోజే నిచ్చెనెక్కాను. జెండా వద్దన్నాడు. ఇంజనీరు చూస్తున్నాడు, ఎక్కాను. సగం దాకా బాగానే ఉంది. నొప్పి లేదు. ఆ తర్వాత చేతులు నావి కానట్టు అయిపోయాయి. మెట్టు పట్టుకున్నానని కళ్ళకు కనబడుతోంది, చేతికి తెలియడం లేదు. మోచేతులు మెట్ల మధ్య నుంచి దూర్చి, ఒంటిని నిచ్చెనకు ఆనించి, అలా ఉండిపోయాను. జెండా వాకీటాకీలో పిలుస్తున్నాడు. "అల్లుడూ, ఎలా ఉన్నావు?" అంటున్నాడు. బాగానే ఉన్నాను అన్నాను. అవును అక్కా, అప్పుడు కూడా అదే అన్నాను. ఆయన నమ్మలేదు. ఈసారి ఆయనే ఎక్కి వచ్చాడు, ఆ వయసులో.

డాక్టరుగారికి చెక్కల సంగతి చెప్పేశాను. నువ్వు చెప్పింది కూడా. ఆయన కేకలేయలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, "రోగి చెప్పింది నేను బయట ఎవరికీ చెప్పను, నీకు ఆ మాత్రం తెలియదా?" అన్నారు. నాకు నిజంగా తెలియదు. డాక్టరూ ఇంజనీరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళలా అనిపించేవాళ్ళు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇరుకు ఇంకా ముదిరిందట. ఆపరేషన్ చేసి, పక్కనుంచి వేరే దారి వేస్తారు. గోడలో ఎంత బతికి ఉందో, ఎంత పోయిందో ఇప్పుడే చెప్పలేమన్నారు. సంతకం పెట్టాను. భయం వేస్తుందేమోనని ఎదురుచూశాను. వేయలేదు. నీ మీద కోపం వస్తుందేమోనని కూడా చూశాను. అదీ రాలేదు.

తమ్ముడు


మా ఇల్లు, ముందుగది

తమ్ముడూ,

నిన్న రాత్రికి ఇంటికి చేరాను. నీ కుట్లు బాగున్నాయి, జ్వరం లేదు, లేచి వరండా చివరిదాకా నడిచావు. అవన్నీ చూసే బయలుదేరాను.

నేను ఉన్నన్ని రోజులూ నువ్వు నాతో మర్యాదగా మాట్లాడావు. అక్కా నీళ్ళు, అక్కా దుప్పటి, థాంక్స్ అక్కా. నువ్వు నాకు థాంక్స్ చెప్పడం ఎప్పుడూ వినలేదు. పరాయి ఆడమనిషి ఎవరో వచ్చి సేవ చేస్తున్నట్టు ఉంది. "నీ మరదలు" అని రాస్తావే, ఆ పిల్లే నన్ను వరండాలోకి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించింది. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మళ్ళీ ఎకో ఆపరేషనైన మూడో నెలలో తీస్తారు. ఇప్పుడు రక్తం నిండుగా పారుతోంది. బతికి ఉన్నంత మేరా మేలుకుంటుంది. బతికి లేనిది మేలుకోదు. ఏది ఎంతో నాకు తెలియదు. తెలిసి దాచడం లేదు, నిజంగానే తెలియదు.

అక్క


సైటు, పనిముట్ల గది

అక్కా,

నన్ను కింద పనిముట్ల గదిలో వేశారు. సుత్తులు, తాళ్ళు, హెల్మెట్లు. ఉదయం ఇస్తాను, సాయంత్రం తీసుకుంటాను. క్రేనుకు కొత్త ఆపరేటరు వచ్చింది. ఆడపిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు.

నిన్న సిమెంటు తొట్టి గాలిలో ఉండగా గాలి లేచింది. జెండా పక్కనే నేను నిలబడి ఉన్నాను. ఆయన వాకీటాకీలో అంతా బాగుందా అని అడిగాడు. ఆ పిల్ల, "బాగాలేదు, తొట్టి ఊగుతోంది, నాకు భయంగా ఉంది, దించేస్తున్నాను" అంది. దించేసింది. పని ఆగింది. అంతే. ఎవరి చేతులూ వణకలేదు. ఎవరో నవ్వారు, ఇంకొకడు బీడీ ముట్టించుకున్నాడు. గాలి తగ్గాక మళ్ళీ మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది అక్కా. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. హెల్మెట్ల గూడు మొత్తం కిందకు లాగేశాను. ఇంత సులువా ఇది? బాగాలేదు అనడానికి ఒక్క ఊపిరి పట్టింది ఆ పిల్లకు. ఇరవై ఏళ్ళు పైన కూర్చుని నేను ఒక్కసారి అనలేకపోయాను. 

నువ్వూ అనలేకపోయావు. నీకు తెలుసు. తెర మీద చూశావు. ఏది ఎక్కడ ఆగిపోయిందో గీత గీసి చెప్పగలవు. నేను నీ మొహం చూసి నమ్మాను. డాక్టరుకు చెప్పాను. నీ మాట తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చాను, మా అక్క చూసిందని గర్వంగా. ఆ వారాలన్నీ నా కండ చస్తూ ఉంది, నీకు తెలిసి. కేకలేశావు గానీ కారణం చెప్పలేదు. ఫోను చేసి జలుబన్నావు. నాకు నిద్రపట్టాలని నా గుండెను అమ్మేశావు. నిద్రపట్టాలని ఎవరు అడిగారు నిన్ను?

నా తప్పులేదనడం లేదు. నా తప్పు నా దగ్గర ఉంది. ఇది నీది.

నువ్వు ఇప్పుడు రావద్దు. ఫోను చెయ్యొద్దు.

తమ్ముడు


మా ఇల్లు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. రాను. ఫోను చెయ్యను.

నువ్వు రాసిన దాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. ఇది నువ్వు రాసిన ఉత్తరమేనని తెలిసిపోతోంది, ఇన్ని నెలల్లో మొదటిసారి. 

కోపం తగ్గాలని కోరను. మందులు మానకు.

అక్క


మా ఇల్లు, వంటగదిలో బల్ల దగ్గర

అక్కా,

మూడో నెల వచ్చింది. ఎకోకు రమ్మని చీటీ ఇచ్చారు. మీ ఆస్పత్రిలో తీయించుకుంటానని డాక్టరుగారితో చెప్పాను. ఎవరు తీస్తారని అడిగితే నీ పేరు చెప్పాను. ఆయన సరే, బొమ్మ తనకు పంపమన్నారు. 

నీ మరదలు ఎందుకని అడిగింది. కోపం ఇంకా ఉంది. కానీ ఇంకెవరో తీస్తే, డాక్టరుగారు చెబుతారు అంటారు. నాకు నువ్వు చెప్పాలి. తెర మీద ఏముంటే అది, అక్కడే, నా మొహం ఎలా ఉన్నా సరే.

శనివారం పొద్దున వస్తున్నాను. చెప్పలేననుకుంటే ఇప్పుడే రాయి, రాను.

తమ్ముడు


ఆస్పత్రి, ఎకో గది

రా. నేనే తీస్తాను, నేనే చెబుతాను.

అక్క


మా ఇల్లు, వంటగదిలో బల్ల దగ్గర

అక్కా,

బస్సు ఆలస్యం, ఇప్పుడే చేరాను. నీ మరదలు వాకిట్లోనే నిలబడి ఉంది. చెప్పులు కూడా విప్పనివ్వకుండా అక్క ఏమందని అడిగింది.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. పక్క గోడ పూర్తిగా మేలుకుంది. ముందు గోడ పై సగం కదులుతోంది. కొస చచ్చిపోయింది, అది ఇక కదలదు, దాన్ని ఏ రక్తమూ లేపలేదు. కొన్ని వారాలు ముందు దారి వేసి ఉంటే అందులో కొంతైనా బతికేది. నడవచ్చు, పని చేసుకోవచ్చు, ముసలివాణ్ణి అవ్వచ్చు. క్రేను ఎక్కకూడదు, ఎప్పటికీ.

క్రేను మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. వాకిట్లోనే, పక్కింటివాళ్ళు చూస్తుండగా. ఆమె నన్ను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఇంత ఏడుపు నాలో ఎక్కడుందో తెలియదు. కొస గురించీ, క్రేను గురించీ, స్నానాల గదిలో ఆమె ఏడ్చిన రోజు గురించీ ఏడ్చాను. అది కూడా ఆమెకు చెప్పాను, విని కూర్చున్నానని. తెలుసు అంది.

కొంచెం తేరుకున్నాక నీ మరదలు నెమ్మదిగా అడిగింది, "వదిన అప్పుడు కూడా అంత మామూలుగానే చెప్పింది కదా, ఇప్పుడెలా నమ్మావు?" అని.

ఈసారి మామూలుగా చెప్పలేదు, చేతిలో ప్రోబ్ వణుకుతుండగా, కళ్ళ నీళ్ళు నా చొక్కా మీద పడుతుండగా చెప్పింది, అందుకే నమ్మాను అన్నాను.

తమ్ముడు